15 పోయాయి, 459 కూలాయి: ఫిన్లాండ్ లెక్కలో ఏముంది?

రెండో ప్రపంచయుద్ధం నాటి విమానాల గురించి చదివేవాళ్లకు ఎక్కడో ఒకచోట తప్పక తగిలే లెక్క ఒకటుంది. ఫిన్లాండ్ వైమానిక దళంలోని 24వ స్క్వాడ్రన్ 1941 జూన్ నుంచి 1944 మే దాకా బ్రూస్టర్ అనే అమెరికన్ ఫైటర్లతో 459 సోవియట్ విమానాలను కూల్చిందనీ, గగనతల పోరులో తాను పోగొట్టుకున్నవి 15 మాత్రమేననీ దాని సారాంశం. అంటే ఒకటికి ముప్ఫై పైచిలుకు. ఇదే రకం విమానాలను అమెరికా మెరైన్ పైలట్లు 1942 జూన్ 4న మిడ్‌వే దీవి దగ్గర జపాన్ మీదికి తీసుకెళ్లారు. వెళ్లినవి దాదాపు 20, కూలినవి 13. ఆ ఒక్క ఉదయంతో బ్రూస్టర్‌కు అమెరికాలో పనికిరాని విమానమన్న ముద్ర పడింది. ఫిన్లాండ్‌లో మాత్రం పైలట్లు దాన్ని ‘ఆకాశపు ముత్యం’ అని పిలుచుకున్నారు.

ఒకే విమానానికి రెండు చోట్ల రెండు జాతకాలు ఎందుకు? ఆ 459ని ఎంతవరకు నమ్మొచ్చు? ఈ లెక్కను విడదీసి చూడటం నాకు చాలా అవసరమనిపిస్తుంది. ఎందుకంటే ఆ నిష్పత్తి మెరుపులో అసలు విషయం కనపడకుండా పోతోంది. చిన్న దేశపు దళం ఎన్ని కూల్చిందన్నది రెండో ప్రశ్న. సాయంత్రం దిగిన విమానాల్లో ఎన్ని తెల్లారేసరికి మళ్లీ లేచాయన్నదే మొదటి ప్రశ్న.

1939 నవంబర్ 30న యుద్ధం ప్రకటించకుండానే సోవియట్ సేనలు సరిహద్దు దాటాయి. ఆ రోజే హెల్సింకి మీద బాంబులు పడ్డాయి. సుమారు వంద మంది చనిపోయారు. అప్పటికి ఫిన్లాండ్ జనాభా 37 లక్షలు, సోవియట్ యూనియన్‌ది 17 కోట్లు. ఫిన్లాండ్ దగ్గర పోరుకు సిద్ధంగా ఉన్న విమానాలు 114. అవతలి పక్షం దింపినవి వేలల్లో. పైగా ఆ 114లో చాలా వాటికి వయసు మీరిపోయింది. సోవియట్ బాంబర్లను వెంటాడగల ఫైటర్ అంటూ ఉన్నది డచ్ వాళ్లు రూపొందించిన ఫాకర్ డి-21 ఒక్కటే. 24వ స్క్వాడ్రన్‌లో అవి మూడు డజన్లు. దాని చక్రాలు లోపలికి ముడుచుకోవు, ఫిరంగి లేదు, ఉన్నవి నాలుగు మెషిన్ గన్లు. మంచు దట్టంగా పడ్డాక చక్రాలు విప్పేసి స్కీలు బిగించారు. గడ్డకట్టిన సరస్సులే చాలాచోట్ల రన్‌వేలు.

ఆ చలికాలం మామూలుది కాదు. 1940 జనవరిలో పాదరసం మైనస్ 40 దాకా దిగింది. ఆ చలిలో ఇంజిన్ ఆయిల్ గడ్డ పెరుగులా బిగుసుకుపోతుంది. రాత్రి విమానం దిగగానే మెకానిక్‌లు ఆయిల్ తీసేసి, పొద్దున్నే వేడి చేసి మళ్లీ పోసేవారు. ఇంజిన్‌కు మందపాటి కవర్ తొడిగి కింద హీటర్ పెట్టేవారు. చేతికి గ్లోవ్స్ ఉంటే చిన్న బోల్టు పట్టు దొరకదు, తీస్తే చర్మం ఇనుముకు అంటుకుంటుంది. డిసెంబరులో హెల్సింకి ప్రాంతంలోనే పగటి వెలుగు ఆరు గంటలకు అటూ ఇటూ మాత్రమే, ఉత్తరాన ఇంకా తక్కువ. కాబట్టి ఈ పనంతా చీకట్లోనే జరగాలి. పైలట్ల పేర్లు పుస్తకాలకెక్కాయి గానీ ఈ మెకానిక్‌ల పేర్లు చాలా వాటిలో కనపడవు.

1940 జనవరి 6. యోర్మా సార్వాంతో అనే లెఫ్టినెంట్ తన ఫాకర్‌లో ఒంటరిగా ఉండగా, దాడి ముగించుకుని వెళ్తున్న ఏడు సోవియట్ డీబీ-3 బాంబర్లు కంటపడ్డాయి. వాటికి ఫైటర్ల రక్షణ లేదు. వెనకనుంచి దగ్గరికి చేరి ఒక్కొక్కదాని ఇంజిన్ మీద కాల్చుకుంటూ పోయాడు. దాదాపు నాలుగు నిమిషాల్లో ఆరు కూలాయి. ఏడోదాని వెనక చేరేసరికి తూటాలు అయిపోయాయి. తర్వాత తీసిన ఒక ఫొటోలో అతను కూలిన బాంబర్ నుంచి కోసిన రేకు ముక్కను పట్టుకుని నిలబడి ఉంటాడు, దాని మీద ‘5’ అనే అంకె. ప్రపంచమంతా ఆ ఫొటో చూసింది. ఒక్కో డీబీ-3లో ముగ్గురు సిబ్బంది ఉండేవారు. అంటే ఆ నాలుగు నిమిషాల లెక్కలో సుమారు పద్దెనిమిది మంది యువకులున్నారు. వాళ్లలో బతికి బయటపడినవాళ్లు బహు కొద్దిమంది. గణాంకాలు చదివేటప్పుడు ఈ అంకెను కూడా పక్కన పెట్టుకుని చదవాలంటాను.

సార్వాంతో విజయం వెనక అదృష్టం కన్నా శిక్షణ పాలే ఎక్కువ. 1930ల మధ్యలో చాలా దేశాల ఫైటర్లు మూడేసి చొప్పున, రెక్కకు రెక్క ఆనించినట్టు బాణం మొన ఆకారంలో ఎగిరేవి. చూడ్డానికి బాగుంటుంది. కానీ పక్క విమానాన్ని గుద్దుకోకుండా చూసుకోవడంతోనే పైలట్‌కు సరిపోతుంది, శత్రువు కోసం వెతికే తీరిక ఉండదు. ఫిన్లాండ్ ఆ రోజుల్లోనే మూడును వదిలేసి రెండుకు మారింది. రెండు విమానాలు ఎడంగా ఎగురుతూ ఒకదాని వీపు ఒకటి కాస్తాయి, అలాంటి రెండు జంటలు కలిస్తే నాలుగు. 24వ స్క్వాడ్రన్ అధిపతి గుస్తాఫ్ మాగ్నుసన్ ఈ పద్ధతిని పట్టుబట్టి నేర్పించాడు. దానికి తోడు దగ్గరగా వెళ్లి కాల్చడం. యాభై మీటర్లకు చేరేదాకా ట్రిగ్గర్ నొక్కొద్దనేది అక్కడి పాఠం. తూటాలు కొనే డబ్బు తక్కువగా ఉన్న దేశానికి గురి తప్పని చెయ్యి కావాలి మరి.

చలికాలపు యుద్ధంగా పేరుపడ్డ ఆ 105 రోజుల పోరు 1940 మార్చి 13న ముగిసింది. ఫిన్లాండ్ పైలట్లకు దక్కిన గగనతల విజయాలు సుమారు 190. నేలమీది విమాన విధ్వంసక గన్నులు కూల్చినవి మరో 300కు పైగా అని ఫిన్లాండ్ లెక్క. పోగొట్టుకున్న విమానాలు 62. అయినా యుద్ధం ఓడినట్టే లెక్క. కరేలియా ప్రాంతం చేజారింది. 4 లక్షల మందికి పైగా ఇల్లూ పొలం వదిలి పశువుల్ని తోలుకుంటూ పడమటికి నడిచారు. ఆకాశంలో నిష్పత్తి ఎంత ఘనంగా ఉన్నా నేలమీద సరిహద్దు గీతను అది ఆపలేకపోయింది.

శత్రు విమానం వస్తోందని పైలట్‌కు ఎలా తెలిసేది? రాడార్ లేదు. లొట్టా స్వార్డ్ అనే మహిళా సంస్థ సభ్యులు చెక్క టవర్ల మీద నిలబడి కాపలా కాసేవారు. టవర్‌కు కప్పు ఉండదు, ఎందుకంటే కంటికన్నా ముందు చెవికే పని. శబ్దం వినపడగానే దిక్కు, ఎత్తు, సంఖ్య అంచనా వేసి ఫోన్‌లో చెప్పేవారు. మైనస్ 30లో వంతులు వేసుకుని నిలబడ్డ ఆ అమ్మాయిలు చెప్పిన అంకెల మీదే ఫాకర్లు లేచాయి.

ఇక సాయం సంగతి. యుద్ధం మొదలైందని తెలియగానే ప్రపంచం సానుభూతి చూపింది. విమానాలు మాత్రం ఆలస్యంగా, తలా ఒక రకంగా వచ్చాయి. బ్రిటన్ నుంచి 30 గ్లాడియేటర్లు, 12 హరికేన్లు. ఫ్రాన్స్ నుంచి 30 మొరాన్‌లు. ఇటలీకి ఆర్డరిచ్చిన 35 ఫియట్ జి-50లలో రెండు దారిలోనే పోయాయి. స్వీడన్ వాలంటీర్లు తమ 12 గ్లాడియేటర్లతో ఉత్తరాన కాపలాకు వచ్చారు. అమెరికా నుంచి కొన్న 44 బ్రూస్టర్లు ఓడలో నార్వే చేరి, రైల్లో స్వీడన్ వెళ్లి, ట్రోల్‌హెట్టన్‌లో బిగింపు పూర్తిచేసుకుని వచ్చేసరికి యుద్ధం అయిపోవచ్చింది. వాటిలో ఒక్కటీ ఆ చలికాలపు పోరులోకి దిగలేదు.

తర్వాత జర్మనీ తాను ఫ్రాన్స్‌లో, నార్వేలో పట్టుకున్న కర్టిస్ హాక్ ఫైటర్లను అమ్మింది. అవీ 44 కావడం యాదృచ్ఛికమే. 1942 జనవరిలో జర్మన్ వైమానిక దళాధిపతి గోరింగ్ 15 డోర్నియర్ బాంబర్లు కానుకగా పంపాడు. సోవియట్‌ల నుంచి చేజిక్కిన ఐ-153లు, ఎస్‌బీ బాంబర్లు కూడా రంగు మార్చుకుని ఇటు ఎగిరాయి. ఇన్ని దేశాల సరుకు ఒక్క షెడ్డులోకి చేరితే ఒకదాని బోల్టు ఇంకోదానికి పట్టదు, తూటా సైజు కలవదు, మీటర్ మీద ఒకచోట మైళ్లు ఇంకోచోట కిలోమీటర్లు. స్పేర్ పార్టు పంపే దేశం మధ్యలో ఓడిపోతే ఇక అంతే. ఫ్రాన్స్ 1940 జూన్‌లో పడిపోయింది.

మొరాన్ ఫైటర్ల విషయంలో వాళ్లు కనుక్కున్న దారి నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది. మొరాన్ ఇంజిన్ ఫ్రెంచ్ హిస్పానో-సూయిజా. 1930లలో సోవియట్‌లు ఆ ఇంజిన్‌కే లైసెన్సు కొనుక్కుని, దాన్ని పెంచి పెద్దచేసి క్లిమోవ్ ఎం-105 తయారుచేశారు. జర్మన్‌లు అలాంటి ఇంజిన్‌లు చాలా పట్టుకున్నారు. ఫిన్లాండ్ ఇంజినీర్లు వాటిని తెచ్చి మొరాన్ ముక్కులో పెట్టారు. మూలం ఒకటే గనుక పెద్దగా మార్పుల్లేకుండానే అమరింది. ఫ్రెంచ్ విమానం, రష్యన్ ఇంజిన్, దారిలో జర్మన్ వ్యాపారం! 1943 ఫిబ్రవరిలో మొదటిది ఎగిరింది.

బ్రూస్టర్ దగ్గరికి మళ్లీ వద్దాం. ఫిన్లాండ్‌కు వచ్చిన రకం తొలి మోడల్‌కు దగ్గరిది. విమానవాహక నౌక మీద దిగడానికి వాడే కొక్కెం, ప్రాణరక్షక తెప్ప వంటి నౌకాదళ సామగ్రిని అమెరికా ముందే తీసేసింది. మిడ్‌వేలో ఎగిరినది తర్వాతి మోడల్. ఇంధనం పెంచి, కవచం పెంచి దాన్ని కొన్ని వందల కిలోలు బరువెక్కించారు. ఇంజిన్ బలం పెరిగినా, తొలి మోడల్‌లోని చురుకుదనం పోయింది. ఎదురుగా ఉన్నది జపాన్ ఫైటర్ జీరో, దాన్ని నడిపేది చైనాలో ఏళ్లతరబడి పోరాడి చెయ్యి తిరిగిన జపాన్ పైలట్. అమెరికన్ పైలట్లలో చాలామందికి అది మొదటి పోరు. ఫిన్లాండ్‌లో దాదాపు అన్నీ తిరగబడ్డాయి. విమానం తేలిక. పైలట్‌కు చలికాలపు యుద్ధపు అనుభవం ఉంది. 1941 వేసవిలో సోవియట్‌లతో మళ్లీ యుద్ధం మొదలైనప్పుడు ఎదురైన ఐ-153 రెండు రెక్కల ఫైటర్లు, ఐ-16లు అప్పటికే పాతబడ్డాయి.

అలాగని వచ్చినదాన్ని వచ్చినట్టే వాడలేదు. పైలట్ వీపు వెనక కవచం బిగించారు. గన్‌సైట్ తమది పెట్టుకున్నారు, మీటర్లు మెట్రిక్‌లోకి మార్చారు. అసలు తలనొప్పి ఇంజిన్. తొమ్మిది సిలిండర్ల రైట్ సైక్లోన్ ఆయిల్ కారుతూ సతాయించేది. కొత్తవి కొందామంటే అమెరికా దారి మూసుకుపోయింది. మెకానిక్‌లు ఇంజిన్ విప్పి, ప్రతి పిస్టన్‌కూ ఉండే రింగుల్లో ఒకదాన్ని తీసి తలకిందులుగా తిప్పి బిగించారు. అంతే. కొత్త భాగం ఏదీ లేదు, రూపాయి ఖర్చు లేదు. ఇంజిన్ కుదురుకుంది. 459 అనే అంకెకు పునాది నన్ను అడిగితే ఈ రింగే అంటాను.

ఇప్పుడు ఆ అంకె నిజానిజాలు. గాల్లో విజయాన్ని లెక్కపెట్టడం ఎంత కష్టమో బ్రిటన్ అనుభవం చెబుతుంది. 1940 సెప్టెంబర్ 15న 185 జర్మన్ విమానాలను కూల్చామని బ్రిటన్ ప్రకటించింది. యుద్ధం తర్వాత జర్మన్ కాగితాలు తిరగేస్తే ఆ రోజు నష్టం 60కి అటూ ఇటూ తేలింది. ఎవరూ కావాలని అబద్ధం చెప్పలేదు. పొగ వదులుతూ మేఘంలోకి దూరిన విమానాన్ని ముగ్గురు పైలట్లు కాల్చి ఉంటే ముగ్గురూ తామే కూల్చామనుకుంటారు.

ఫిన్లాండ్ ఇందుకోసం భిన్నాలు వాడింది. ఇద్దరు కలిసి కూల్చితే చెరి సగం, ఆరుగురైతే ఆరో వంతు. సార్వాంతో చలికాలపు యుద్ధం స్కోరు అందుకే 12, ఆపైన 5/6. కర్టిస్ హాక్‌లకు దక్కినవి 190, ఆపైన 1/3. బీడబ్ల్యూ-364 అనే ఒకే ఒక్క బ్రూస్టర్ ఖాతాలో 42.5 ఉన్నాయి. ఒక విమానాన్ని రెండుసార్లు లెక్కేయకుండా ఈ పద్ధతి కొంతవరకు కాపాడింది. పైగా 1939-40లో పోరు ఎక్కువగా సొంత నేల మీదే జరిగింది కాబట్టి కూలినదాని దగ్గరికి స్కీల మీద వెళ్లి శకలాలు చూసి రాసుకునే వీలుండేది. 1942 తర్వాత పోరు ఫిన్లాండ్ సింధుశాఖ నీళ్ల మీదికి, శత్రు రేఖల వెనక్కి జరిగింది. అక్కడ శకలం చూపించేవాళ్లు లేరు. సోవియట్ పత్రాలు బయటికొచ్చాక చరిత్రకారులు పోల్చి చూస్తే, చాలా రోజుల్లో అసలు నష్టం ఫిన్లాండ్ లెక్కకన్నా తక్కువే తేలింది.

రెండో వైపు అంకె 15నీ జాగ్రత్తగానే చదవాలి. అది గగనతల పోరులో పోయినవాటి లెక్క. నేలమీది గన్నులకు, ప్రమాదాలకు, ఆగిపోయిన ఇంజిన్లకు పోయినవి అందులో లేవు. పైగా మూడేళ్ల సగటు చాలా దాస్తుంది. 459ని 35 నెలలకు పంచితే నెలకు 13. కానీ ఆ పదమూళ్లన్నీ ఒకలాంటివి కావు. తొలి వేసవిలో పాత విమానాల మీద సులువుగా దక్కినవి ఉన్నాయి. 1943లో యాక్‌లు, లా-5లు అనే కొత్త సోవియట్ ఫైటర్లు వచ్చాక బ్రూస్టర్ కష్టపడి తప్పించుకున్న రోజులున్నాయి. ఇన్ని తీసివేతలు చేశాక కూడా మిగిలే నిష్పత్తి అసాధారణమే. అతిశయోక్తి లేకుండానే అది గొప్పది.

విమానం పోవడం, పైలట్ పోవడం వేర్వేరు లెక్కలని కూడా గుర్తుంచుకోవాలి. 1942 జూన్ 25న లౌరీ పెకురి నడుపుతున్న బీడబ్ల్యూ-372 దెబ్బతిని సోవియట్ వైపు ఒక చిన్న సరస్సులో దిగింది. అతను ఈదుకుంటూ ఒడ్డెక్కి, అడవిలో నడిచి తమ సేనల్ని చేరుకుని మళ్లీ విమానమెక్కాడు. బ్రూస్టర్ మాత్రం నీటి అడుగునే ఉండిపోయి 1998లో బయటికొచ్చింది. అమెరికా వెళ్లి, అక్కడినుంచి ఫిన్లాండ్‌లోని టిక్కకోస్కి మ్యూజియం చేరింది. దానికి కొత్త రంగు వేయకుండా, దొరికినట్టే ఉంచారు. అదే మ్యూజియంలో హుము అనే విమానం ఉంది. బ్రూస్టర్లు తరిగిపోతుంటే చెక్క రెక్కలతో తామే ఒకటి తయారుచేసుకుందామనుకున్నారు. బరువు ఎక్కువైంది, 1944 ఆగస్టులో ఎగిరేసరికి కాలం మించిపోయింది. ఒక్కటే తయారైంది.

ఈ పైలట్లలో ఐనో ఇల్మరి యూటిలైనెన్ గురించి చెప్పకుండా ఉండలేను. అతని ఖాతాలో 94: ఫాకర్ మీద 2, బ్రూస్టర్ మీద 34, జర్మన్ మెస్సర్‌ష్మిట్ మీద 58. 437 సార్లు పోరుకు వెళ్లినా శత్రు ఫైటర్ తూటా అతని విమానాన్ని ఒక్కసారీ తాకలేదు. ఆఫీసరుగా పదోన్నతి ఇస్తామంటే, ఎగరడం తగ్గిపోతుందని వద్దన్నాడు.

జర్మనీ సంగతి కూడా దాచకుండా చెప్పాలి. 1941 జూన్‌లో ఫిన్లాండ్ రెండోసారి యుద్ధంలోకి దిగింది జర్మనీ పక్కన. 1943 నుంచి వచ్చిన 159 మెస్సర్‌ష్మిట్-109లు ఆ పొత్తు ఫలితమే. తమ నేల తిరిగి తెచ్చుకోవాలన్న కోరిక న్యాయమైనదే. కానీ ఆ పొత్తులో ఉన్న మరో భాగస్వామి లెనిన్‌గ్రాడ్‌ను ఆకలితో చంపుతున్నవాడు. విమానాల రెక్కల మీది నీలిరంగు స్వస్తిక్ చూసి చాలామంది అదీ హిట్లర్ నుంచే వచ్చిందనుకుంటారు. అది అంతకు ముందుది. 1918 మార్చి 6న స్వీడన్ ప్రభువు ఎరిక్ ఫాన్ రోసెన్ ఫిన్లాండ్‌కు ఒక విమానం బహూకరించి, తన అదృష్ట చిహ్నంగా దాన్ని వేయించాడు. ఆయన కుమారుడు కార్ల్ గుస్తాఫ్ చలికాలపు యుద్ధంలో ఒక డీసీ-2 ప్రయాణికుల విమానం సంపాదించి తెచ్చి, బాంబర్‌గా మార్పించాడు. 

1944 ఫిబ్రవరిలో సోవియట్ బాంబర్లు మూడు రాత్రులు హెల్సింకి మీదికి వచ్చాయి. గన్నుల గోడ దాటలేక చాలా బాంబులు సముద్రంలో, అడవుల్లో పడ్డాయి. మార్చి 9 రాత్రి ఫిన్లాండ్ బాంబర్లు లెనిన్‌గ్రాడ్ దగ్గరి స్థావరాలకు తిరిగివెళ్తున్న సోవియట్ గుంపులో కలిసిపోయాయి. దిగడానికి రన్‌వే దీపాలు వెలగగానే బాంబులు వేశాయి. సంఖ్యలో చిన్నదైన దళం సాహసం చేయాల్సిన వేళ అది.

జూన్‌లో సోవియట్‌ల పెద్ద దాడి వచ్చింది. సెప్టెంబర్‌లో కాల్పుల విరమణ, దాని షరతు ప్రకారం నిన్నటి మిత్రులైన జర్మన్‌లను వెళ్లగొట్టడం. అక్టోబర్‌లో బ్రూస్టర్లు కూల్చిన చివరి విమానాలు జర్మన్ స్టూకా బాంబర్లు. 1947 పారిస్ సంధి ఫిన్లాండ్‌కు 60 విమానాలు, 3,000 మంది సిబ్బంది అని పరిమితి విధించి, బాంబర్లు ఉండకూడదంది. మిగిలిన కొద్ది బ్రూస్టర్లు 1948 దాకా ఎగిరాయి.